వాయిదా కట్టిన తీరు

వారానికి 224 రూపాయలు. పదివేల అప్పు మీద యాభై వారాలు కట్టాల్సిన వాయిదా ఇది. 1998లో గుంటూరులో పద్మజారెడ్డి మొదలుపెట్టిన స్పందన సంస్థ కొన్నేళ్లకు హైదరాబాద్ బస్తీల్లోకి వెళ్లింది. అక్కడ కొత్తగా చేరిన ఆడవాళ్లకు అది ఇచ్చిన తొలి అప్పు షరతుల్ని లెక్క కడితే ఈ అంకె వస్తుంది. అసలు పదివేలు, దాని మీద పన్నెండు శాతం వడ్డీ, మొత్తం 11,200. యాభై భాగాలు చేస్తే ఒక్కో భాగం 224. సూక్ష్మరుణ సంస్థల వ్యాపారం గురించి మాట్లాడేవాళ్లు చాలామంది వడ్డీ దగ్గర మొదలుపెట్టి వడ్డీ దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం అందులోని పనితనమంతా వాయిదాలో కనిపిస్తుంది. ఎంత కట్టాలి, ఎన్నాళ్లకోసారి కట్టాలి, ఎక్కడ కూర్చుని కట్టాలి, ఎవరి ముందు కట్టాలి? సంస్థ నిలవడమూ, అప్పు తీసుకున్న ఇల్లు నిలవడమూ ఈ నాలుగింటికి దొరికే జవాబుల మీదే ఆధారపడతాయి. పల్నాడు నేల మీద పెట్టి చూస్తే ఆ పనితనం ఎంత నేర్పుతో చేసిందో, ఎక్కడ బీట వారిందో మరింత బాగా తెలుస్తుంది.

224ని ఏడుతో భాగిస్తే సరిగ్గా 32. అంటే రోజుకు 32 రూపాయలు. నరసరావుపేటలో ఇడ్లీ బండి నడిపే ఆవిడకో, బుట్టలో కూరగాయలు పెట్టుకుని వీధి వీధి తిరిగే ఆవిడకో ఆ రోజుల్లో అది సాయంత్రం లెక్క చూసుకున్నాక పక్కన పెట్టగలిగిన మొత్తం. పదివేలు ఒక్కసారిగా తీర్చమంటే ఆమెకు గుండె జారిపోతుంది. 32 రూపాయలు పోపుల డబ్బాలో వేయమంటే వేస్తుంది. యాభై రెండు వారాల ఏడాదిలో యాభై వారాలే లెక్కలోకి తీసుకోవడం వల్ల తీసుకున్న అప్పు ఏడాది తిరిగేలోపే తీరిపోతుంది. వరసగా కట్టినవాళ్లకు మళ్లీ పది, పన్నెండు వేలు ఇచ్చేవారు, ఆపైన మెట్టు మెట్టుగా ఇరవై వేల దాకా వెళ్లేవారు. కొత్త అప్పు వస్తుందన్న నమ్మకమే పాత అప్పుకు తాకట్టు. బంగారం లేదు, పొలం కాగితం లేదు.

ఇక వడ్డీ. మన పల్నాడు జిల్లాలో ఎవరూ శాతాల్లో మాట్లాడరు, నూటికి నెలకు ఎన్ని రూపాయలు అనే అడుగుతారు. పన్నెండు శాతమంటే పైకి రూపాయి వడ్డీ. కానీ అసలు వారం వారం తరిగిపోతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు పదివేల మీదే లెక్క కట్టారు. ఏడాది సగటున ఆమె చేతిలో ఉండే అసలు అయిదువేల పైచిలుకే కాబట్టి నిజమైన వడ్డీ దాదాపు రెండు రూపాయలు, అంటే ఇరవై నాలుగు శాతం. ఈ లెక్కను చాలా ఏళ్లు అప్పు తీసుకున్నవాళ్లకు విప్పి చెప్పలేదు. అది తప్పే. అయినా పత్తికీ మిరపకూ పురుగుమందు అరువిచ్చే దుకాణంలోనో, ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గరో మూడు, నాలుగు, అవసరం ముదిరితే అయిదు రూపాయలకు తెచ్చుకునే ఇంటికి రెండు రూపాయల వడ్డీ మేలే.

ఆ రెండు రూపాయల్లో సంస్థకు మిగిలేదెంతో కూడా చూద్దాం. పదివేల మీద వచ్చే వడ్డీ 1,200. సంస్థకు సొంత డబ్బు తక్కువ, బ్యాంకు నుంచి తెచ్చి ఇస్తుంది. బ్యాంకు పన్నెండు శాతానికి ఇచ్చిందనుకుంటే అందులో దాదాపు ఆరువందలు బ్యాంకుకే పోతాయి. మిగిలిన ఆరువందల్లో ఉద్యోగి జీతం, మోటార్ సైకిల్ పెట్రోలు, శాఖ అద్దె, లెక్కల కంప్యూటరు, రాని బాకీలు, ఆపైన లాభం. యాభై వారాలకు పంచితే ఒక్క మనిషి దగ్గర ఒక్కసారి వాయిదా వసూలు చేసుకోవడానికి సంస్థ పెట్టగలిగిన ఖర్చు 12 రూపాయలు. ఇల్లిల్లూ తిరిగి తలుపు కొడితే ఆ పన్నెండు రూపాయలు వీధి మొదట్లోనే అయిపోతాయి. అందుకే అందరూ ఒకచోట, ఒకే రోజు, ఒకే గంటకు కూర్చోవాలి. ఆరుగురి నుంచి పదిమంది దాకా ఒక గుంపు, అలాంటి గుంపులు కొన్ని కలిసి ఒక కేంద్రం. సమావేశం రాముడి గుడి అరుగు మీదో, ఎవరింటి వసారాలోనో. పొద్దున్నే పనికి పోయేలోపు పూర్తవ్వాలి. నలభైమంది వాయిదాలు ఒక్క సమావేశంలో వస్తేనే ఆ ఉద్యోగి ప్రయాణానికి గిట్టుబాటు.

ఖర్చు తగ్గించడానికి పుట్టిన ఈ ఏర్పాటులోనే పూచీ కూడా ఇమిడి ఉంది. గుంపును సంస్థ కట్టదు, ఆడవాళ్లే కట్టుకోవాలి. ఎవరు నమ్మకస్తులో, ఎవరి మగడు జీతం తాగేస్తాడో, ఎవరు ఊరు వదిలి పోయేలా ఉన్నారో బ్యాంకు అధికారికి తెలియదు కానీ పక్కింటి వదినకు తెలుసు. అందుకే స్పందన తన నిబంధనల్లో, ఒకే చోట ఏడాదైనా నివాసం ఉండాలంది, గుంపులో ఎక్కువమందికి సొంత ఇల్లు ఉండాలంది. అప్పు దేనికి వాడుతున్నావని అడగలేదు, వ్యాపారం పెట్టి తీరాలని పట్టుబట్టలేదు, శిక్షణ తరగతులు పెట్టలేదు. ఈ నిగ్రహం నాకు నచ్చుతుంది. పేదవాళ్లకు డబ్బిచ్చే ఎవరికైనా దాన్ని ఎలా వాడాలో కూడా చెప్పాలనిపిస్తుంది. ఇక్కడ ఆ పని పెట్టుకోకపోవడం వల్ల అప్పు చవకైంది, తీసుకునేవాళ్లకు అబద్ధం చెప్పే అవసరమూ తగ్గింది.

బంగ్లాదేశ్‌లో 1976లో జోబ్రా అనే ఊళ్లో మహమ్మద్ యూనస్ మొదలుపెట్టిన పద్ధతికి ఇది వారసురాలు. అయిదుగురి గుంపు, వారపు సమావేశం అక్కడివే. మన దగ్గర షేర్, స్పందన, ఎస్‌కేఎస్, అస్మిత వంటి సంస్థలు దాన్ని అందుకుని తెలుగు నేలకు తగ్గట్టు కొన్ని మార్పులు చేసుకున్నాయి. యూనస్ పెట్టిన గ్రామీణ బ్యాంకుకు సభ్యుల పొదుపు తీసుకునే వీలుంది. మన సంస్థలు బ్యాంకింగేతర కంపెనీలుగా మారాక కూడా ఆ వీలు లేదు. మొత్తం పద్ధతి మీద దీని ప్రభావం చాలా ఉంది. పొదుపు లేనప్పుడు సభ్యురాలి ఇంటి పరిస్థితి సంస్థకు తెలిసే దారి ఒక్కటే, ఈ వారం వాయిదా వచ్చిందా లేదా అన్నది. వారం తప్పితే అదే మొదటి హెచ్చరిక. అందుకే వారపు వాయిదాను ఈ సంస్థలు అంత గట్టిగా పట్టుకున్నాయి.

పల్నాడులో బీట వారింది కూడా అక్కడే.

2022 ఏప్రిల్ 4న గుంటూరు నుంచి విడిపోయి నరసరావుపేట కేంద్రంగా జిల్లా అయిన ఈ ప్రాంతంలో డబ్బు వారం వారం రాదు. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద కొంత నేల, బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి వైపు మెట్ట. ఎక్కడ చూసినా పత్తి, మిరప. పత్తి తొలకరికి విత్తితే దసరా దాటాక తీతలు మొదలవుతాయి. మిరప నారు వానాకాలంలో పోసి, భాద్రపదం దరిదాపుల్లో నాటితే సంక్రాంతి తర్వాతే కాయ కళ్లాల్లో ఎండుతుంది, గుంటూరు యార్డుకు ఎక్కుతుంది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మిరప చేను మింగడమే కానీ ఇచ్చేది ఉండదు. కౌలు ముందే కట్టాలి, మందు కొట్టాలి, కూలీలకు ఇవ్వాలి. ఆ నెలల్లో ఏ గురజాల పల్లెలోనో మిరప రైతు ఇంటికి వారానికి 224 ఎక్కడినుంచి వస్తుంది? గేదె ఉంటే పాల డబ్బు పదిహేను రోజులకోసారి వస్తుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లోనో, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలోనో ఇంట్లో ఒకరు పని చేస్తే ఆ కూలో జీతమో వస్తుంది. ఈ రెండూ లేని ఇంట్లో వాయిదాకు వాయిదా చేబదులే. ఒక సంస్థ వాయిదా కట్టడానికి మరో సంస్థ దగ్గర అప్పు, దాన్ని కట్టడానికి మూడోది.

బస్తీలో రోజువారీ రాబడికి అంత చక్కగా అమరిన 32 రూపాయలు మిరప చేను దగ్గర అతకలేదు. చిన్న వ్యాపారులకు ఇక్కడ కూడా అతికింది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో బొమ్మల కొట్టో, చెరకు రసం బండో పెట్టుకునేవాళ్లకు, కారంపూడి వీరుల ఉత్సవానికి గాజులు తెచ్చి అమ్మేవాళ్లకు సమయానికి చేతిలో పడే పదివేలు బంగారమే. అదే సంస్థ, అదే వాయిదా, రెండు ఇళ్లలో రెండు రకాల ఫలితం. ఏ ఇంటికి ఏది సరిపోతుందో తెలుసుకోవడానికి ఆ పన్నెండు రూపాయల ఖర్చులో చోటు లేదు. ఈ వ్యాపారంలోని నిజమైన కష్టం అదేనని నా అభిప్రాయం. దురాశ దాని తర్వాత వచ్చి చేరింది.

ఇదే పల్లెల్లో, ఇదే అరుగుల మీద మరో రకం పనితనం అప్పటికే నడుస్తోంది. సూక్ష్మరుణ సంస్థల చరిత్ర రాసేవాళ్లు దాన్ని ప్రభుత్వ పథకంగా ఒక వాక్యంలో దాటేస్తారు. నేను ఎక్కువ సేపు ఆగేది అక్కడే. 1992లో నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది, 1993లో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బును ఆపిన ఆడవాళ్లు రోజుకు రూపాయి పొదుపు మొదలుపెట్టారు. డ్వాక్రా, ఆ తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం అంటూ పేర్లు మారుతూ వచ్చాయి. ఊళ్లో జనం మాత్రం సంఘం అనే అంటారు.

సంఘం మినిట్స్ పుస్తకాన్ని ఒకసారి తెరిచి చూడండి. పొడుగాటి అట్ట పుస్తకం. పైన తేదీ, చోటు, ఎన్నో సమావేశమో. కింద పది నుంచి పదిహేను పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా సంతకమో వేలిముద్రో. వేలిముద్రలు ఏళ్లు గడిచేకొద్దీ వణుకుతున్న అక్షరాలుగా, ఆపైన ధీమాగా గీసిన సంతకాలుగా మారడం కొన్ని పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. తర్వాత ఈ నెల పొదుపు ఎంత వచ్చింది, ఎవరు ఆలస్యం చేశారు, జరిమానా ఎంత. ఆ తర్వాతిది నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం: ఎవరికి అప్పు కావాలి, దేనికి. పిల్లాడి కాలేజీ ఫీజు, అత్తగారి ఆపరేషను, మిరపకు మందు, ఇంటి పైకప్పు. ఉన్న డబ్బు అందరికీ చాలదు. ముందు ఎవరికి, ఎంత, ఎన్నాళ్లకు అని మాట్లాడుకుని తీర్మానం రాస్తారు. ‘ఈసారి ఆ అక్కకు ఇద్దాం, మందు కొట్టకపోతే చేను పోతుంది. నాది వచ్చే నెల చూద్దాంలే వదినా’ అన్న మాటల సారం రెండు వరుసల తీర్మానంగా మిగులుతుంది. బ్యాంకులో అప్పుల కమిటీ చేసే పని ఇదే. ఇక్కడ తీర్పు చెప్పేవాళ్లకు ఆ చేనూ తెలుసు, ఆ అత్తగారూ తెలుసు.

మినిట్స్ పుస్తకం పక్కన పొదుపు లెడ్జరు, అప్పుల లెడ్జరు, నగదు పుస్తకం, ఒక్కొక్కరికీ పాసుపుస్తకం. అన్నీ ఒకదాన్నొకటి సరిచూసుకునేలా ఉంటాయి. లెక్కలు రాసే అమ్మాయి పాసుపుస్తకంలో వేసిన అంకె లెడ్జరులోకి, లెడ్జరు మొత్తం నగదు పుస్తకంలోకి రావాలి. ఎక్కడ రూపాయి తేడా వచ్చినా సమావేశం ముగియదు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపలి అప్పులు, తిరిగి చెల్లింపు, సరైన లెక్కలు అనే అయిదింటినీ పంచసూత్రాలంటారు. సంఘానికి బ్యాంకు మార్కులు వేసేది వీటి మీదే.

ఈ పుస్తకాల్లో దాగిన అసలు నేర్పు వాయిదాకు సంబంధించిందే. బ్యాంకు సంఘానికి ఇచ్చిన అప్పుకు నెల నెలా సమాన వాయిదా కోరుతుంది. సంఘం లోపల సభ్యులు కట్టేది సమానంగా ఉండదు. మిరప ఇంటావిడ నాలుగైదు నెలలు వడ్డీ మాత్రమే కట్టి, కాయలు అమ్మాక అసలు ఒక్కసారి తీరుస్తుంది. గేదె ఉన్నావిడ నెలనెలా కడుతుంది. టిఫిన్ బండి ఆవిడ చేతిలో ఉన్నప్పుడు ముందే కట్టేస్తుంది. ఈ ఎగుడుదిగుళ్లను సంఘం సొంత నిధి సర్దుతుంది. ఏళ్ల తరబడి కూడిన పొదుపు, లోపలి అప్పుల మీద వచ్చిన వడ్డీ, జరిమానాలు అన్నీ కలిసిన నిధి అది. బ్యాంకు వైపు నుంచి చూస్తే వాయిదా చదునుగా కనిపిస్తుంది, చేల వైపు నుంచి చూస్తే పంటను బట్టి వంగుతుంది. సభ్యులు కట్టిన వడ్డీ కూడా వాళ్ల నిధిలోకే తిరిగి చేరుతుంది. ఇంత సున్నితమైన ఏర్పాటును పదిహేనుమంది ఆడవాళ్లు నాలుగు అట్ట పుస్తకాలతో నడుపుతున్నారంటే నాకు ప్రతిసారీ గౌరవం కలుగుతుంది. అన్ని సంఘాలూ ఇంత బాగా ఉండవు. లెక్కలు ఆగిపోయినవి ఉన్నాయి, నాయకురాలి చేతిలో చిక్కినవి ఉన్నాయి, రాజకీయ సభలకు జనాన్ని తోలడానికి పనికొచ్చినవీ ఉన్నాయి. బాగా నడిచినవాటి నేర్పు మాత్రం ఎవరూ కాదనలేనిది.

సూక్ష్మరుణ సంస్థలు ఈ సంఘాల మీదే పైరు వేశాయి. పొదుపు అలవాటైన, సమావేశం తెలిసిన, కట్టాలన్న పట్టుదల ఉన్న ఆడవాళ్లు అప్పటికే తయారుగా ఉన్నారు. ప్రాధాన్య రంగ రుణాల లక్ష్యం చేరాల్సిన బ్యాంకులు సంస్థలకు ధారాళంగా డబ్బిచ్చాయి. దేశంలోని సూక్ష్మరుణాల్లో నాలుగో వంతుకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే పేరుకున్నాయి. వేగం పెరిగేకొద్దీ నెమ్మదిగా చేయాల్సిన పని, అంటే గుంపును దానంతట అది కుదరనివ్వడం, కుదించుకుపోయింది. 2006 మార్చిలో నది అవతల కృష్ణా జిల్లా యంత్రాంగం స్పందన, షేర్ శాఖలు దాదాపు యాభైని మూయించింది. అది మొదటి హెచ్చరిక. 2010 జులై, ఆగస్టుల్లో ఎస్‌కేఎస్ ఒక్కో వాటా 985 రూపాయలకు మార్కెట్‌లో అమ్ముడుపోయింది. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య ఆ అక్టోబరు 15న రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, అది తర్వాత చట్టమైంది.

ఆ ఆర్డినెన్సు చేయి వేసింది సరిగ్గా వాయిదా మీదే. వారపు వసూలు కుదరదు, నెలకోసారే. ఇంటి దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ చోట. ఒక అప్పు ఉండగా రెండోది ఇవ్వాలంటే ముందు అనుమతి. వడ్డీ మొత్తం అసలును దాటకూడదు. నాలుగు జవాబుల్లో రెండింటిని ప్రభుత్వం ఒక్క దెబ్బతో మార్చేసింది. కొన్ని వారాల్లోనే రాష్ట్రంలో వసూళ్లు పది శాతం దరిదాపుకు పడిపోయాయి. కొత్త అప్పు వస్తుందన్న నమ్మకం పోయాక పాతది కట్టాలన్న కారణమూ పోయింది. తాకట్టు ఎక్కడుందో అప్పుడు అందరికీ కనిపించింది. ప్రభుత్వం మరుసటి ఏడాది స్త్రీనిధి అనే సహకార సంస్థను పెట్టింది. సంఘాల సొంత సమాఖ్యలు వాటాదారులుగా, ఫోన్‌లో అడిగితే 48 గంటల్లో ఖాతాలో డబ్బు పడేలా. అత్యవసరానికి అప్పు కావాలన్న అవసరాన్ని సంస్థలే ముందు గుర్తించాయి, స్త్రీనిధి దాన్ని ఒప్పుకుని తన పద్ధతిలో తీర్చింది.

రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ డిసెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. వాటిలో వడ్డీ పరిమితి గురించే పత్రికలు రాశాయి. అంతకన్నా నాకు విలువైందనిపించేది మరో వాక్యం: వాయిదా వారానికా, పక్షానికా, నెలకా అన్నది అప్పు తీసుకునేవాళ్ల ఇష్టం. గ్రామీణ బ్యాంకు కూడా 1998 వరదల తర్వాత తన వాయిదాను ఇంటి పరిస్థితిని బట్టి మార్చుకునేలా సడలించింది. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు మళ్లీ నిబంధనలు తిరగరాసింది. ఏడాదికి మూడు లక్షల లోపు రాబడి ఉన్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చేది సూక్ష్మరుణం, ఇంటి మొత్తం వాయిదాలు నెల రాబడిలో సగం దాటకూడదు, వడ్డీ పరిమితి లేదు కానీ అన్ని ఖర్చులూ కలిపిన రేటు కాగితం మీద చూపాలి, వాయిదా కాలం అవసరాన్ని బట్టి మార్చే విధానం ప్రతి సంస్థకూ ఉండాలి. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు పాత రాష్ట్ర చట్టం వర్తించదని తేల్చింది. సంస్థలు తెలుగు జిల్లాలకు తిరిగి రావడానికి దారి తెరుచుకుంది.

ఈలోగా స్పందన పాత బాకీల పునర్వ్యవస్థీకరణ నుంచి బయటపడి, కర్ణాటక, మధ్యప్రదేశ్, ఒడిశా వంటి చోట్లకు విస్తరించి, 2019 ఆగస్టులో మార్కెట్‌లో వాటాలు అమ్మింది. ఒకే రాష్ట్రం మీద బరువంతా పెట్టకూడదన్నది 2010 నేర్పిన వ్యూహం. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం హైదరాబాద్‌లో 104 బస్తీల్లో స్పందన అప్పుల మీదే చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. కొత్త వ్యాపారాలు కొన్ని పుట్టాయి, ఉన్నవి కొంత పెరిగాయి. పిల్లల చదువులో, ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఆ ఫలితం విని కొందరు పెదవి విరిచారు. చిన్న అప్పు నుంచి అంతకు మించి అడగడం న్యాయం కాదని నేననుకుంటాను. దాని పని సమయానికి చేతిలో డబ్బు పెట్టి, ఇల్లు కుంగకుండా తిరిగి తీసుకోవడం.

ఇల్లు కుంగకుండా అన్నదే పల్నాడులో ఇంకా తేలని పని. మూడు లక్షల రాబడి ఉన్న ఇంటిని పన్నెండుతో భాగిస్తే నెలకు పాతికవేలు, అందులో సగం 12,500. కాగితం మీద సరిపోతుంది. మిరప ఇంట్లో ఆ పాతికవేలు ఆగస్టులో ఉండవు, మార్చిలో ఒక్కసారే నాలుగైదు నెలలవి వస్తాయి. ధర పడిపోయిన ఏడాది అవీ రావు. అప్పు తీసుకునే ఒక మనిషికి మూడు సంస్థలకు మించి ఇవ్వకూడదని సూక్ష్మరుణ సంస్థల సంఘం 2024లో పెట్టుకున్న కట్టుబాటు మంచిదే, కర్ణాటక 2025 ఫిబ్రవరిలో బలవంతపు వసూళ్ల మీద తెచ్చిన ఆర్డినెన్సు చూస్తే దాని అవసరమేమిటో తెలుస్తుంది. అయితే క్రెడిట్ బ్యూరో నివేదిక ఎన్ని అప్పులున్నాయో చెబుతుంది, ఏ నెలలో కట్టగలరో చెప్పదు.

అది చెప్పేది సంఘం అప్పుల లెడ్జరు. ఏ ఇల్లు ఏ నెలలో వడ్డీతో సరిపెట్టుకుంది, ఏ నెలలో అసలు తెచ్చింది, ఏ ఏడాది మిరప దెబ్బతిని తీర్మానం చేసి గడువు పెంచారు అన్నీ ఏళ్ల వరసన అందులో రాసి ఉన్నాయి. మాచర్లలోనో గురజాలలోనో కొత్తగా శాఖ తెరిచే సంస్థ ఆ పుస్తకాన్ని చూసి వాయిదా కట్టగలిగితే, ఆగస్టు నుంచి జనవరి దాకా చిన్నదిగా, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పెద్దదిగా మలచగలిగితే, 224 రూపాయల్లో ఉన్న నేర్పు ఈ చేలకూ అతుకుతుంది. పుస్తకం చూపించాలా వద్దా, చూపిస్తే వడ్డీలో ఎంత తగ్గింపు అడగాలి అన్నది సంఘం కూర్చుని తీర్మానించాల్సిన సంగతి. అందుకు సమావేశం ఉంది, మినిట్స్ పుస్తకంలో ఖాళీ పేజీలూ ఉన్నాయి.